ఓ కింది మెట్టు

నా బతాక వెనుక ఒక అక్షరం ఉండె: ఓ.
పక్కన పురుగంత ప్లస్.
పదకొండేండ్లు దాన్ని జేబుల వెట్టుకొని తిరిగిన.
క్యాంపుల ఎవనికి దెబ్బ తాకినా
"రాజలింగును పిలువుండ్రి, అందరికి సరిపోతడు" అనేటోళ్లు.
ఎన్నడు సూది దాక పోలే, మాట దాకనే.
అయినా మస్తు గర్వముండె.
జీతం అప్పుకు సరిపోలే,
సెలవు ప్రయాణానికి సరిపోలే,
నెత్తురన్న సరిపోతది గద అనుకున్న.

ఒక శుక్రవారం సోహార్‌ల
కంపెనీ గేటు ముంగట రక్తదానం బస్సు ఆగింది.
చల్లగ ఏసీ. మ్యాంగో జ్యూసు. రెండు బిస్కెట్లు.
నిజం చెప్పాలంటే ఏసీ కోసమే ఎక్కిన.
సంచి నిండుతుంటే దిక్కు మార్చి
కిటికీ అవతల క్రేన్లు లెక్కవెట్టిన.

మూడో నాడు ఫోన్.
ల్యాబుల పనిచేసే బిందుజ, కేరళ పిల్ల,
ఆమె హిందీ, నా హిందీ, రెండూ కుంటుకుంట నడిచినయి.
"భయ్యా, నీది ఓ కాదు."
"మరి ఏంది?"
"బాంబే."

నవ్వొచ్చింది నాకు.
వీసా కోసం ఏజెంటు రూముల నలభై దినాలు
పద్నాలుగు మందితోని ఒక్క ఫ్యాను కింద పండిన ఊరు అది.
వడాపావ్ తిన్న, వానల తడిసిన, పైసలు పోగొట్టుకున్న.
నెత్తుర్లకు ఎప్పుడు ఎక్కిందో సూడలే.

"ఊరు కాదు భయ్యా, పేరు."
ఓపిక మనిషి. నా పనిల వెట్టే చెప్పింది:
ఏ అన్నా బీ అన్నా పరంజి మీది పలకలు.
ఓ అంటే పలకలు లేని పరంజి,
కాని కింద బేస్ ప్లేట్ ఉంటది.
"నీకు అదీ లేదు."

ఓ అంటే సున్న అనుకున్న ఇన్నేండ్లు.
సున్న కింద గూడ ఒక మెట్టు ఉంటదట.
ఆ మెట్టు లేకుంటనే పుట్టిన.

ఓ నెత్తురు చుక్క నా నీళ్లల్ల ఏస్తే
జొన్న గటక ఉండలు కట్టినట్టు కట్టిందట.
ఫోటో పంపింది.
గాజు పలక మీద ఎర్రటి రవ్వలు.
అందరికి సరిపోతడన్న మనిషి
ఎవ్వలది సరిపోనోడు.

"నీ సంచి పారెయ్యలే భయ్యా.
మస్కట్‌ల ఒకామె, బలోచీ, పేరు గుల్‌బీబీ,
కాన్పుల నెత్తురు నిలుస్తలేదు. ఆమెది నీ గ్రూపే.
పొద్దుగాలనే పంపినం."

నేను నాలుగు నెలలు తట్టలు మోసిన రోడ్డు మీదికెల్లి
ఐసు డబ్బాల నా నెత్తురు పోతున్నది.
పాస్‌పోర్టు అడగలే.
కఫీల్ సంతకం అడగలే.
నేను ఒక్కనాడు సూడని మస్కట్‌ను
నాకంటే ముంగట అది సూసింది.

అప్పుడు అడిగిన, అడగొద్దనుకుంటనే:
"మరి నాకు గావాలంటే?"
లైను మీద కాగితాల సప్పుడు.
"మా రిజిస్టర్ల నలుగురున్నరు.
ఒకడివి నువ్వే.
ఒకాయన సెలవు మీద ఇంటికి పోయిండు.
ఒకాయన ఫోన్ లేపుతలేడు.
నాలుగో మనిషి గుల్‌బీబీ."

తెల్లారి తొమ్మిదో అంతస్తుల బెల్టు కొక్కెం తగిలిచ్చిన,
గుంజి సూసిన, మళ్ల గుంజిన.
సముద్రం దిక్కుకెల్లి ఉడుకు గాలి.
"ఏందిరా, కొత్తగ భయం?" అన్నడు మల్లేశం.
ఏమని చెప్పాలె?

ఆఫీసుకు పోయిన, బతాక మార్చుమని.
క్లర్కు కంప్యూటర్‌ల డబ్బాలు సూపెట్టిండు:
ఏ, బీ, ఏబీ, ఓ. నాలుగే.
"ఐదో డబ్బా లేదు, ఓ కాడనే ఉండు" అన్నడు.

అందుకే మిస్రీ ఫోర్‌మన్ హిలాల్‌ను బతిమిలాడిన.
నా హెల్మెట్ లోపట మార్కర్‌తోని
అరబ్బీల రాసిండు, కింద నేను తెలుగుల రాసుకున్న:
బాంబే. ఓ ఎక్కియ్యొద్దు.
దాని కింద బిందుజ నంబర్.

వారం రోజుల చెమటకు చెరిగిపోతది.
గుల్‌బీబీ బతికిందట, ఆడపిల్లట, అంతే తెలుసు.
శుక్రవారం బట్టలు పిండినంక
హెల్మెట్ ఒళ్లె వెట్టుకొని
అక్షరాల మీద అక్షరాలు మళ్ల దిద్దుకుంట.