ఎడమ దౌడ

ముప్పై యేండ్లుగా ఉరవకొండ బస్టాండు ఎనక
కాలిన మోటర్లకు కొత్త తీగ చుడతాండా.
బోరులోంచి పీకిన మోటరు
బండి దిగేలోపే వాసన చెప్తాది నాకు.
అయినా మెగ్గరు పెట్టకుండా మాట అనను.
ఒక వైరు బాడీకి, ఒక వైరు చుట్టకు.
పిడి తిప్పితే ముల్లు పైకి లేచిందా, మోటరు బతికినట్టు.
కింద పడిపోయిందా,
లోపల యాడనో తేమ దూరింది,
పోవాల్సిన దోవ కాకుండా
కరెంటుకు ఇంగో దోవ దొరికింది.
"కాలిపాయెప్పా" అంటా.
రైతు మొగం చూడను.
చూస్తే రేటు చెప్పలేను.

మిరపకాయ బజ్జీ తినలేకపోయిన దినం
వన్నూరమ్మ కనిపెట్టింది.
ఉగ్గాని ముందర పెట్టుకొని ఉత్త నీళ్లు తాగుతాంటే
"నోట్లో ఏముందో చూపీ" అనె.
చూపిద్దామంటే నోరు తెరుచుకుంటే గదా.

నాలుగు రూపాయల పొట్లం, దినానికి పదైదు.
ఎడమ దౌడలో అదిమిపెట్టుకొని
చుట్లు లెక్కపెట్టుకుంటా కూచుంటా.
మాట్లాడితే లెక్క తప్పుతాది.
నోరు మూసుకోనుండేదానికి
నాకు అదొక సాకు.

అనంతపురం పెద్దాసుపత్రిలో పండ్ల డాక్టరమ్మ,
రుఖియా అని పేరు, నా కూతురి ఈడు.
"మూడు వేళ్లు నిలువుగా పెట్టు కుళ్లాయప్పా" అనె.
రెండు పట్టె.
మూడోది పండ్లకు తగిలి ఆగిపాయ.

అప్పుడు పెన్ను మాదిరి ఒకటి తీసింది.
మొనన నాలుగు చుక్కలు, బంగారు నీళ్లు తాపినట్టు.
"ఇంకా పరీక్షలోనే ఉండాది ఈ మిషను, నీకు ఇష్టమైతేనే"
అని సంతకం పెట్టిచ్చుకుంది.
"రోంత కరెంటు పోతాది, నీకు తెలీదు" అంటే
నవ్వొచ్చింది.
నాలుగు వందల నలభై కొట్టినా బతికినోనికి
కరెంటు తెలీకుండా పోతాదంట!
నిజంగానే తెలీలే.
చీమ కాలు మోపినట్టు గూడా లేదు.

ముందు కుడి దౌడ.
ఇంగ ఎడమ దౌడ,
తెల్లమచ్చ పక్కన ఎర్రగా పుండు పడిన చోట.
ఆయమ్మ అంకెలు రాసుకుంటాంటే
నేను తలకిందులుగా చదివినా.
ఓములు చదివేది నాకెవురూ నేర్పాల్సిన పని లేదు.
కుడిపక్క ఉండే అడ్డంలో
ఎడమపక్క సగం గూడా లేదు.

"తేమ దూరిందామ్మా?"
పెన్ను ఆపి నా పక్క చూసింది.
"నీకెట్ల తెలుసు?"
"నా పనదే గదా."
రోంతసేపు ఏం మాట్లాడలే.
"మిషను అనుమానం వరకే.
ముక్క తీసి అద్దం కింద పెడితేనే నిజం.
పది దినాలు పడ్తాది" అనె.
నా మొగం చూసే చెప్పింది.
అది నాకు చేతగాని పని.

మోటరైతే పాత తీగ పీకి కొత్తది చుట్టొచ్చు
అని నోటిదాకా వచ్చింది.
కుట్టు పడిన దౌడ కదల్లే.

ఈ పొద్దు ఆరో దినం.
ఆమిద్యాల నుంచి ఒకాయన మోటరు తెచ్చినాడు.
పిడి తిప్పితే ముల్లు నిక్కి నిలబడె.
"దీనికేం కాలేదు, కేబులు చూసుకో పో" అంటే
నా రెండు చేతులూ పట్టుకున్నాడు.
ఆయన పోయినాక గూడా
ఇంగోసారి తిప్పినా పిడి,
ఉత్తిదానికే.

మూలన మా పిల్లోడు ఎర్రిస్వామి, పంతొమ్మిదేండ్లోడు,
ఎడమ దౌడ ఉబ్బించుకొని
నా మాదిరే మాట్లాడకుండా తీగ చుడతాండాడు.
"ఉమ్మేసి రారా."
"ఎన్ని చుట్లో మర్చిపోతా మామా" అని గొణిగె.
"మర్చిపో.
మల్ల మొదట్నుంచి చుడదాం.
నోరు తెరువు. మూడు వేళ్లు పెట్టు."

వార్నిషు చేతిని ప్యాంటుకు తుడుచుకుంటాండాడు
ఒక్కో వేలూ.