చెదల కాడ చదువు

కొత్తవాడల మా రేకుల కింద
మే నెల మిట్టమధ్యాహ్నం
దారానికి సుత చెమట పడ్తది.
పంజ పట్టుకుంటే పిడి కాలుతది.
ఫ్యాను తిరుగుతది గాని
అది గాలి కాదు,
వేడిని అందరికి వడ్డించే గంటె.

మా మామ మార్కండయ్యకు
గుంట మగ్గంల కాళ్లకు చలువ, నెత్తికి కొలిమి.
యాభై ఏండ్లు అట్లనే జంపఖానాలు నేసిండు,
సగం మనిషి భూమిల, సగం మనిషి పొయ్యి మీద.
మాకెవ్వరికి అది వింతనిపియ్యలే.

నా బిడ్డ నవత మాత్రం
ఒకనాడు గుంటల కాళ్లు పెట్టి కూసోని అడిగింది:
"తాతా, కింద ఉన్న చలువ పైకెందుకు రాదు?"
"ఎవలన్న పిలిస్తె గద" అన్నడాయన
తలెత్తకుండ, పోగు తెగకుండ.

గా మాట దాని బుర్రల చిక్కువడ్డది.

ఉర్సు గుట్ట వెనక ఒక పుట్ట ఉన్నది,
నా భుజమెత్తు, ఎర్రగ, ఎండి రాయైనట్టు.
నాగుల పంచమికి పాలు పోసేది దానికే.
"పాము లేదమ్మా, చెదలున్నయి.
పైబొక్క మీద చెయ్యి పెట్టు."
పెట్టిన.
లోపల ఎవలో నిద్రవోతున్నట్టు
వెచ్చటి ఊపిరి నా అరచేతికి తాకింది.

చెదలు!
మా ఇంట్ల ఆ పేరెత్తితే
కిరసనాయిలు సీసా దేవులాడుతరు.
నా పెండ్లి పెట్టె తిన్నయి,
నూలు మూటల అడుగు తిన్నయి,
సొసైటీ బాకీ కాయితం మాత్రం ముట్టలే.

కండ్లు లేని పురుగులు.
మట్టి, ఉమ్మి, అంతే సామాను.
మేస్త్రి లేడు, గీసుకున్న ప్లాను లేదు.
వేడిగాలి పైకి పోతుంటే
దాని కొంగు పట్టుకోని
చల్లగాలి కింది నుంచి వస్తదట.
వేడిని ఎల్లగొట్టెతందుకు
వేడినే కూలికి పెట్టుకున్నయి, సూడు తెలివి.

ఇగ సెలవులన్ని ఇల్లు తవ్వుడే.
కుమ్మరి కనకలచ్చమ్మ ఇంటెనక
మూతి పగిలిన కుండలన్ని ఏరుకొచ్చి
అడుగులు తీసి, ఒకదాంట్ల ఒకటి దూర్చి
పెరట్ల నీడ నుంచి మగ్గం గుంట దాక
నేల కింద దారి పరిచింది.
రేకుకు బొక్క కొట్టి
ఎనిమిది నూనె డబ్బాలు నిలువుగ అతికిచ్చి
నల్లరంగు పూసింది.
"ఎండ డబ్బాను కాల్చాలె,
డబ్బా ఇంట్ల గాలిని గుంజాలె" అన్నది.
వాడకట్టు వాడకట్టంత నవ్వింది.

బడి నుంచి తెచ్చిన థర్మామీటరు
బయట నలభై నాలుగు.
మగ్గం కాడ ముప్పై ఎనిమిది.
మామ ఏం అనలే.
ఆ పగటీలి బనీను తీసి
దండెం మీద ఏసుడు మర్సిపోయిండు, గంతే.

సైన్సు ఫేరుల సార్లు అడిగిండ్రట:
"మోడల్ ఏది?"
"మా ఇల్లు సారూ, మోసుకరాను రాదు.
మీరే రాండ్రి, జరసేపు కూసోండ్రి."
ఎవలు రాలే.
బహుమతి అట్టరాకెట్టుకు పోయింది.

జులైల ఉక్కపోతకు మా గొట్టం ఓడిపోయింది.
మబ్బు పడితే నూనె డబ్బాలు
ఉత్త నూనె డబ్బాలే.
నవత నోటుబుక్కుల రాసుకున్నది:
"పని చెయ్యని రోజులు ఇరవై మూడు. ఎందుకు?"
ఆ "ఎందుకు" కింద రెండు గీతలు,
కాయితం చినిగెటట్టు.

బతుకమ్మ ముందటి వారం
మగ్గం కాలు పొడిపొడిగ రాలింది.
మేం పరిచిన కుండల దారెంబడే
చల్లగ నడుసుకుంట వచ్చినయి చెదలు.
మామ కిరసనాయిలు సీసా తీసిండు,
మూత తిప్పిండు,
గుంట దిక్కు చానసేపు సూసిండు.
"ఫీజు తీసుకున్నయి తియ్యి" అని
మూత మళ్ల బిగిచ్చి
కాలు కింద ఇటుక దూర్చి
వేపనూనె రుద్దుకుంట
మనవరాలిని పిలిచిండు:
"ఏమే, గీ కట్టె తినకుండ
అవి ఏం తింటయో జర సూసి చెప్పు."