వంకర ఇటుకలు

ఎనిమిదడుగులు, పదడుగులు.
పారలూ గునపమూ, వేపపిండి బస్తాలు,
మందారం అంట్లు కట్టే నార,
మూతి పోయిన స్ప్రేయరు,
వీటన్నిటికీ తోటలో ఓ రేకుల కొట్టు.
గోడలూ కప్పూ ఎత్తేసిన రొయ్యల షెడ్డువి,
చవగ్గా దొరికాయి.
మిగిలింది కింద నేల.
చీటీ డబ్బులో మిగిలింది
నాలుగు వేల ఆరు వందలు.

ఏసోబు మేస్త్రి వచ్చి మడమతో నొక్కాడు.
ఆ గుంటలోకి నీళ్లు ఊరాయి,
పిలిస్తే వచ్చినట్టు.
"కాంక్రీటేనండి, నాలుగంగుళాల పోత."
"ఎంత?"
ఆకాశంలోకి చూసి చెప్పాడు, పద్నాలుగు వేలు.
నేనూ చూశాను.
అక్కడ కొంగలు తప్ప ఏ రేట్లూ లేవు.

ముక్తేశ్వరంలో నాపరాళ్లు చూశాను.
వేలితో కొడితే నమ్మకంగా పలికాయి.
మోత కూలీ రాయి ధరని దాటిపోయింది.

మేత గోదాము వాచ్‌మన్ చెక్క పలకలు చూపించాడు,
ఒక్కోటి నూట యాభై.
"ఒక్క వానాకాలం" అంది వాళ్లావిడ
ఎవరూ అడక్కుండానే, బియ్యం ఏరుకుంటూ.
నిజమే. మా తోటలో చెదపురుగులకి
రేషన్ కార్డొకటే తక్కువ.

ఉత్త మట్టే ఉంచి అలుక్కోమంది మంగాయమ్మ.
ఆవిడ కొట్లో పిండి బస్తాల అడుగున
తెల్లగా పూసిన బూజు చూసి వచ్చేశాను.

కోటిపల్లి వైపు ఏటిగట్టున ఇటుక బట్టీ.
ఓ పక్కన నల్లటి గుట్ట.
పొయ్యి నోటి దగ్గర ఉండి
మరీ ఎక్కువ కాలిపోయినవి,
వంకర్లు తిరిగినవి,
రెండేసి మూడేసి అతుక్కుపోయినవి.
"గోడకి పనికిరావమ్మా,
మూడేసి రూపాయలిచ్చి ఎత్తుకుపో"
అన్నాడు గుమస్తా బులిగంగయ్య,
ఎక్కడ మనసు మార్చుకుంటానో అని రసీదు రాసేస్తూ.

రెండింటిని కొట్టి చూశాను, కంచు మోగినట్టు మోగాయి.
ఒకటి తెచ్చి రాత్రంతా బకెట్లో ముంచాను.
మంచి ఇటుకైతే బుడబుడమంటూ తాగుతుంది.
ఇది తాగలేదు.
తాగాల్సిందంతా నిప్పులోనే తాగేసింది కాబోలు.

అడుగు లోతు తవ్వాం.
కూలిన పెంకుటింటి పెంకుముక్కలు పోసి,
పైన ఇసక, తడిపి, దిమ్మిస కొట్టి,
ఇటుకల్ని పక్కవాటుగా నిలబెట్టి వరసలు.
"సిమెంటు లేకుండా ఇదేం పనండీ,
ఊళ్లో నా పేరు చెప్పకండి" అన్నాడు ఏసోబు.
మధ్యాన్నానికి దారం కట్టాడు.
సాయంత్రానికి వంకరకి వంకర వెతికి జత చేస్తున్నాడు,
ఇది కాదు అది, అది కాదు ఇది అని తనలో తనే,
చుట్ట ఆరిపోయిన సంగతి మర్చిపోయి.

ఇటుకలు నాలుగు వందల యాభై: పదమూడు వందల యాభై.
ఇసక తొమ్మిది వందలు. బండి ఆరు వందలు.
ఏసోబు వెయ్యి, ఒక టీ నా ఖాతాలో.
మిగులుతో తాళంకప్ప కొన్నాను.

శ్రావణంలో ఏరు తోటలోకి వచ్చింది.
రెండు రోజులుంది.
పక్క చేలో మోటారు గది గచ్చు కింద
మన్నంతా కోసుకుపోయి
పలక ఊగే పన్నులా మిగిలింది.
నా కొట్లోకీ వచ్చింది నీరు,
సందుల్లోంచి పైకి, మళ్లీ సందుల్లోంచే కిందికి,
అడ్డం చెప్పనివాళ్లింట్లో చుట్టంలా.
వేలెడు ఒండ్రు వదిలి పోయింది.
అది చీపురుతో ఎత్తి మందారాలకి వేశాను.

రెండు ఇటుకలు దిగబడ్డాయి.
తీసి, కింద ఇసక వేసి, మళ్లీ పెట్టాను.
పుస్తకంలో రాసుకున్నాను:
ఇసక, గుప్పెడు. ఖరీదు, లేదు.

నాలుగో వరసలో ఇప్పుడో పీత కన్నం ఉంది.
పొద్దున్నే తలుపు తీస్తే
పార నీడలో డెక్కలు రెండూ ఎత్తి నిలబడి
ఎవరు కావాలి అన్నట్టు చూస్తుంది.