హించ్‌లిఫ్ కన్ను

ఆదివారం పొద్దున్నే తొట్టి నీళ్ళు అయిదు మిల్లీలీటర్లు.
మొదటి సీసాలోంచి పది చుక్కలు.
రెండో సీసాని అరచేతికేసి బాదుతూ
అరనిమిషం కుదపాలి,
అడుగున పేరుకున్న పలుకు కరక్కపోతే
నీళ్ళు అబద్ధం చెబుతాయి.
తర్వాత అయిదు నిమిషాలు. టీ కాగేంత సేపు.

అక్కడిదాకా నేనే చేస్తాను.
రంగు మాత్రం నాకు తెలీదు.

అట్టమీద గళ్ళున్నాయి: సున్నాకి పసుపు, పదికి నారింజ,
నలభైకి ఎరుపు, ఆపైన ఇంకా ఎరుపట.
నాకన్నీ ఒకే ఎండుగడ్డి.
చిన్నప్పుడు పచ్చిమిరపనీ పండుమిరపనీ
ఒకే కుప్పలో పోసి తిట్లు తిన్నవాణ్ణి.
హడర్స్‌ఫీల్డ్‌లో బస్సు నడుపుతాను.
పైదీపం ఆగమంటుంది, కిందిదీపం పొమ్మంటుంది,
రంగుతో పనేముంది!
మా భాషా నాలాంటిదే,
దానికి ఆకూ పచ్చే, పసుపుకొమ్మూ పచ్చే.

అందుకని గాజుగొట్టం పట్టుకుని పక్కింటి తలుపు కొడతాను.
నార్మన్ హించ్‌లిఫ్, ఎనభై ఒకటి.
ముప్పై ఎనిమిదేళ్ళు ఉన్నిమిల్లు అద్దకంలో
నమూనా గుడ్డతో కొత్త గుడ్డ కలిసిందో లేదో
చూసి చెప్పడమే ఆయన ఉద్యోగం.
బల్బు కింద చూడడు.
"దీపం కొనుక్కున్నవాడి మాట వింటుంది" అంటాడు.
ఉత్తరం కిటికీ దగ్గరికి పోయి
గొట్టం వెనక తెల్ల చేతిరుమాలు పట్టి
"పది" అంటాడు. "పదికి వెంట్రుకవాసి తక్కువ."

ఈ ఊరి నీళ్ళు మెత్తన.
కొండబీళ్ళ మీద పడి, సున్నపురాయి మొహం చూడకుండా
దిగొచ్చే వాన.
ఈ నీళ్ళు చూసే మిల్లులొచ్చాయంటాడు.
మిల్లులు పోయాయి. నీళ్ళు నా తొట్టిలోకొచ్చాయి.

పది అన్నాడు గనక మొక్కలకి ఆకలనుకున్నాను.
వారానికి రెండు మూతలు నైట్రేటు,
తర్వాత మూడు.
రోటాలా కొసలు ఎర్రబడాలట, నాకెలా తెలుస్తుంది?
జావాఫెర్న్ అంచుల్లో నల్ల వెంట్రుకలు మొలిచాయి.
ఫిబ్రవరిలో రొయ్యలు ఒక్కొక్కటే
కంకర మీద ఒరిగాయి.
వాటిని కూడా ఎర్రవనే అమ్మారు నాకు.
ఫిల్టరు కడిగాను, దీపం గంట తగ్గించాను,
హీటర్ని అనుమానించాను,
కొత్తగా తెచ్చిన చెక్కదుంగని అనుమానించాను.
హించ్‌లిఫ్ మాటని అనుమానించాలని
తట్టనే లేదు.

మార్చిలో ఆయన కుడికంటికి శుక్లం తీశారు.
నాలుగోరోజున ఆయనే నా తలుపు కొట్టాడు.
ఆదివారం కాదు. అయినా పరీక్ష చెయ్యమన్నాడు.
కిటికీ దగ్గర ఎడమకన్ను మూశాడు.
తర్వాత కుడికన్ను.
మళ్ళీ ఎడమది.
"ఇటు పది," అన్నాడు.
"ఇటు నలభై. ఇంకా పైనే."

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అని మా సామెత.
చెబుదామనుకున్నాను,
ఏ పచ్చ అని అడుగుతాడేమోనని మానేశాను.

కోటు విప్పకుండానే కూర్చున్నాడు.
"ఎప్పట్నించి?" అన్నాడు, నన్ను కాదు.
మిల్లులో ఆఖరేళ్ళ లెక్కలు తీస్తున్నాడు:
ఎవరిదో బడికోటు నీలం,
ఒక బ్యాండుమేళం వాళ్ళ ముదురెరుపు,
సంతకం పెట్టి పంపేసిన థాన్లు.
"అప్పటికి మీకు శుక్లం లేదులెండి" అన్నాను.
"నీకెలా తెలుసు?"
నాకు తెలీదు.

సాయంత్రం సగం నీళ్ళు తోడేశాం.
బకెట్టు మొయ్యలేడు గనక పైపు కొస ఆయన పట్టుకున్నాడు,
బూటు తడిసినా కదల్లేదు.
మళ్ళీ పది చుక్కలు, మళ్ళీ కుదపడం, మళ్ళీ టీ.
"ఇరవై," అన్నాడు, కొత్తకంటితో.
అని, గొట్టం నా చేతికిచ్చి
"ఇప్పుడు నువ్వు చెప్పు."

వెలుతురు పోతోంది. ఎత్తిపట్టి చూశాను.
ఎండుగడ్డే.
కాస్త మంచు పట్టిన ఎండుగడ్డి.

అలాగే చెప్పాను.
పుస్తకంలో ఇరవై పక్కన
అదీ రాయమన్నాడు.