ఏడో తలుపు తర్వాత

ఓరిన్ హాగెన్ గారూ,
మీ ప్రయాణం బిల్లు నా బల్ల మీదే ఉంది.
బిస్మార్క్‌లో మంచు కిటికీ సగం దాకా పేరుకుంది,
హీటరు మూలుగుతోంది,
నేను మీ హోటలు రసీదు దగ్గర ఆగిపోయాను.

గోధుమ గిడ్డంగులు తనిఖీ చేసే మనిషి మీరు.
గుప్పెడు గింజలు ముక్కు దగ్గర పెట్టుకుని
బూజు ఏ మూల మొదలైందో చెప్పేస్తారట.
ధాన్యం దుమ్ము కూడా భగ్గుమంటుందని
లోపల సిగరెట్టు తీసినవాణ్ణి
మెడ పట్టి బయటికి నెట్టారట.
అలాంటి మీరు
రాత్రి తల వాల్చడానికి మాత్రం
నాలుగంతస్తుల పాత కొంప వెతుక్కున్నారు,
కప్పులో నీటి గొట్టమైనా లేనిది,
పొగను పసిగట్టే డబ్బాలో
బ్యాటరీ ఉందో లేదో దేవుడికే తెలిసినది.

తొమ్మిది డాలర్లు మిగిల్చానని అంచున రాశారు,
పక్కన నవ్వు మొహం ఒకటి గీశారు.
సర్కారు సొమ్ము మీద మీ జాలికి ఒక దండం.
ఆ తొమ్మిదీ
ఏ పద్దు కింద జమ వేయమంటారు?

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నిజమే గాని,
హోటల్లో ముందు చేరేది పొగే.
తలుపు తట్టదు.
పిల్లిలా గడప కింద నుంచి దూరి
నిద్రపోయేవాడి దిండు మీద చోటడుగుతుంది.
నిప్పు అప్పటికి ఇంకా కింది వంటింట్లో
తీరిగ్గా పరదాలు ఎంచుకుంటూ ఉంటుంది.

ఇది ఏ సర్క్యులర్‌లోనూ చదివింది కాదు.
పందొమ్మిదేళ్లప్పుడు ఫార్గోలో
ఒక హోటల్లో దుప్పట్లు మార్చేదాన్ని.
మూడో అంతస్తు నాది.
నా బండికి ఒక చక్రం కీచుమనేది.
ఆ రాత్రి గురించి ఈ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు,
ఇప్పుడూ మొత్తం చెప్పను.
ఒక్క సంగతి:
318లో దిగిన విత్తనాల కంపెనీ ఆయన
తలుపు తెరిచి కుడికి పరుగెత్తాడు.
మెట్లు ఎడమవైపు.
పొద్దుటికి కావాలని ఆయన ఇచ్చిన చొక్కా
ఇస్త్రీ మడత చెదరకుండా
నా చేతిలోనే ఉండిపోయింది.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, అంటారు కదా.
మిమ్మల్ని ఎవరూ తవ్వమనడం లేదు హాగెన్ గారూ.
బావి తవ్వి, నీళ్లు తోడి,
కప్పు మీద సిద్ధంగా పెట్టుకున్న ఇళ్లున్నాయి.
వాటి పేర్లతో జాబితా ఉంది నా సొరుగులో,
కాఫీ మరకతో, మూలలు చిరిగి.
గది అడిగేటప్పుడు
మంచం మెత్తగా ఉందా అని అడుగుతారు,
టిఫిను ఉచితమా అని అడుగుతారు,
ఇంకొక్క ప్రశ్న అడగడానికి
నోరు నొప్పెడుతుందా?

ఇదంతా రాసి, చించేశాను.
బిల్లు మీద సంతకం పెట్టాను,
పెన్సిలుతో కింద ఒక్క వాక్యం:
"గదికీ మెట్లకీ మధ్య ఎన్ని తలుపులు?"

మూడు వారాలు జవాబు లేదు.
పెన్సిలు గీతే కదా, చెరిగిపోయి ఉంటుందనుకున్నాను.
ఒక సోమవారం పొద్దున
ఫోన్ యంత్రంలో ఆయన గొంతు,
విల్లిస్టన్ నుంచి, అర్ధరాత్రి దాటాక,
ఆయాసపడుతూ:

"మాక్సీన్, ఎడమవైపు. ఏడు తలుపులు.
ఏడో తలుపు తర్వాత మెట్లు.
కళ్లు మూసుకుని, గోడ తడుముకుంటూ లెక్కపెట్టాను.
ఐసు యంత్రానికి మోకాలు కొట్టుకుంది.
ఎవరో ఆడమనిషి తలుపు తీసి
పోలీసుల్ని పిలుస్తానంది.
కప్పులో గొట్టాలున్నాయి, చూశాను.
పదకొండు డాలర్లు ఎక్కువైంది.
ఒప్పుకుంటావా, ఒప్పుకోవా?"

ఆ సందేశం చెరిపేయలేదు.
ఎందుకు ఉంచానని అడిగితే
నా దగ్గర సమాధానం లేదు.

ఎక్కువైన పదకొండు డాలర్ల పక్కన
కారణం రాయడానికి ఇరుకైన గడి ఒకటి ఉంటుంది.
అందులో "చొక్కా" అని రాసి,
కాసేపు చూసి,
కొట్టేసి,
"వసతి" అని రాశాను.