అర మార్కు

మూడు రోజుల శిక్షణ, చిత్తూరులో.
సంతకం, ఫోల్డరు, ఒక పెన్ను.
పెన్ను రెండో రోజుకే రాయడం మానేసింది.
తెరమీద "సుస్థిరాభివృద్ధి" అని వెలిగింది.
ప్రొజెక్టరు వేడికి
ఆ మాట ఒత్తులన్నీ కాస్త వణికాయి.
ఎనభై మందిమి.
తలా ఒక నీళ్ల సీసా, సగం తాగి,
ఎవరిదేదో తెలీక ఇంకోటి తెరిచి.

రెండో రోజు మధ్యాహ్నం,
పెరుగన్నం మత్తు కళ్లమీదికి దిగే వేళ,
కార్వేటినగరం నుంచి వచ్చిన సుగుణవల్లి మేడం
తెల్ల కాగితాలు పంచింది.
"పుస్తకం చూడకుండా నీటిచక్రం గీయండి.
మీ ఊరిది."

ఐదు నిమిషాలయ్యాక అన్నీ నేలమీద పరిచింది.
ఎనభై కొండలు, అన్నీ ఎడమవైపే.
గొర్రెపిల్లల్లాంటి మబ్బులు ఎనభై.
సముద్రం.
పలమనేరులో సముద్రం!
పైకి బాణాలు, కిందికి వాన,
మళ్లీ భూమిలోకి బాణాలు.
ఎవరమూ నవ్వలేదు.
లెక్కల దొరవేలు గొంతు సవరించుకున్నాడు.
నాకు మునితేజ పేపరు గుర్తొచ్చింది.

మునితేజ, ఎనిమిది బి.
వాళ్ల నాయనకి తిరుచెంగోడు బోరు బండిలో
రాడ్లు ఎత్తి దించే పని.
ఇంటికొచ్చినా అరిచే మాట్లాడతాడు,
బండి చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉన్నట్టు.
పరీక్షలో వీడు గీసిన బొమ్మలో
కొండుంది, మబ్బుంది, వానుంది,
భూమిలోకి పోయే బాణం ఒక్కటే లేదు.
దాని బదులు సన్నటి నిలువు గీత,
పేజీ అడుగుదాకా, మార్జిన్ దాటి.
పక్కన చిన్నగా: 1140.
నేను ఎర్రగా చుట్టి, "బాణం ఏదీ?" అని రాసి
అర మార్కు కోశాను.
వాడేమీ అడగలేదు.
అడగడం మా సిలబస్‌లో లేదు.

సోమవారం పిలిచి, "ఆ గీత ఏమిరా?" అన్నాను.
"బోరు సార్, మా మామోళ్లది.
వెయ్యిన్నూట నలభై. దుమ్మే వచ్చినాది."
"మరి బాణం?"
కాసేపు నా చెప్పులకేసి చూశాడు.
"లోపలికి పోయేది నేను చూళ్ళేదు సార్.
పైకి తీసేదే చూసినా."

ఏటా మార్చిలో, సిలబస్ తెమలక,
"చివరి పాఠం ఇంట్లో చదువుకోండి, పరీక్షకు రాదు"
అని నేను దాటేసిన పాఠం పేరు
మన పర్యావరణం.
ఇంట్లోనే చదువుకున్నట్టున్నారు వీళ్లు.

"మా జేజి కాలంలో కపిల తోలినారంట సార్,
ముప్పై అడుగులే" అంది హిమజ.
"మాది ఆర్నూటెనభై, టమోటాకి. రెండేండ్లే పలికింది."
"మాది మూడు బోర్లు సార్, మూడూ రాయే."
వందడుగులకు ఒక మూర అనుకున్నాం.
బోర్డు పైఅంచు నుంచి సుద్దగీత దిగింది.
జేజి బావి బోర్డు మీదే ఆగిపోయింది.
టమోటా బోరు గోడ దిగి నేలకొచ్చింది.
మునితేజ మామ బోరు
బెంచీల కింద పాకి, గడప దాటి,
వరండా మెట్టు కాడ ముగిసింది.

ఆ మెట్టు కింద
భోజనాల పళ్లేలు కడిగిన నీళ్లు
ఆవరణంతా జారి రోడ్డుకు పోతున్నాయి.
పోయినేడు బురదవుతోందని
మేమే సిమెంటు పోయించాం.
రిబ్బను కత్తిరించినప్పుడు చప్పట్లు కొట్టినోళ్లలో
నేను ముందు వరస.

మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కేశాయి, తాళం పడింది.
పేపరు మీద మాత్రం పెన్సిలుతో
అర తిరిగి వేశాను.
ఎవరికీ అక్కరకు రాని అర.

శిక్షణ వాళ్లకు నివేదిక పంపాలి,
ఫోటోలు రెండు, శుక్రవారం లోగా.
హెడ్మాస్టరు ఏమంటాడో,
సిమెంటు బిల్లు ఇంకా ఆయన బీరువాలోనే ఉంది.

"గడ్డపార ఎవరింట్లో ఉందిరా?" అన్నాను.

ఈ ఏడాది నేనడిగిన ఒక ప్రశ్నకు
చివరి బెంచీ చేతులు కూడా లేచాయి.