రొద తియ్యకు

సిరోంచల గురువారం దుకాణాలు మూసినంక
సమ్మయ్య మోటరు వైండింగు షాపుల
షెట్టరు సగం దించుతం.
కాలిన వార్నిషు వాసన, రాగి తీగ చుట్టలు.
పత్తి చేండ్ల మోటర్లు పొట్టలు విప్పుకొని
గోడ పొంటి కూసుంటయి.
వాటి నడుమ మా స్పీకర్లు రెండు,
టేకు డిపో వేలంల దొరికిన పలకలు.
ఒకదాని మీద అటవీశాఖ సుత్తి ముద్ర
ఇంకా చెరగలేదు.
ఆ ముద్ర దిక్కు కూసున్నోనికే
బేసు మంచిగ వినవడ్తదంటడు సడ్మేకు.
ఆయన ఫారెస్టు గార్డు. అననియ్యి.

నలుగురం.
సమ్మయ్య ట్రాన్స్‌ఫార్మరు చేత్తోనే చుడుతడు,
చుట్లు లెక్కపెట్టేటప్పుడు పిలిస్తే పలుకడు.
వాసేకర్ సారుది గణితం,
ఆయన తెలుగుకు ప్రతి మాట చివర మరాఠీ తోక.
సడ్మేకు. నేను.
నాది మందుల దుకాణం.
ఎనిమిది వేల పైన నా చెవులకు ఏమీ అందదని
మొన్న సారు టోను పెట్టి తేల్చిండు.
నవ్విన్రు. నేను గూడ నవ్విన.
ఇంటికి పోయి, లైటు ఆర్పి,
కీచురాళ్ల కోసం శానాసేపు
చెవి రిక్కించుకొని పండుకున్న.

పోయిన నెల తీగ పంచాయితీ.
నాగపూరు నుంచి సారు తెప్పించిన తీగ,
గజం తొమ్మిది వందలు.
"తెర లేపినట్టుంది" అన్నడు కండ్లు మూసుకొని.
సమ్మయ్య ఏమనకుండ స్పీకర్ల వెనుకకు పోయి వచ్చి
"ఇప్పుడెట్లుంది సారూ?"
"ఇంకా తేటగ."
అప్పుడు చూపిచ్చిండు:
తగిలించింది కాలింగ్‌బెల్లు తీగ.
ఆ వారం మిర్చి బజ్జీలు సారే తెచ్చిండు.
తర్వాతి వారం గూడ తెచ్చిండు, ఎందుకో.

మాటలకేం, రికార్డు సూదితోని మొదలైతయి.
ఆ సూది నుంచి షుగరు సూదికి,
నా దుకాణంల ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్జుకు,
ఫ్రిజ్జును కాల్చిన లో ఓల్టేజికి,
అక్కడికెల్లి ఆలాపల్లి గతుకుల రోడ్డుకు,
ఆ రోడ్డు మీద చచ్చిపడ్డ గుడ్లగూబకు.
దాని రెక్కల సప్పుడు ఏ మైకూ పట్టదంటడు సడ్మేకు.
"ఏ మైకు? మోడల్ చెప్పు" అంటడు సారు.
ఇంకో అర్ధగంట.
పాట ఎప్పుడో ఒడిసిపోతది,
పళ్లెం తిరుగుతనే ఉంటది.

మొన్న సమ్మయ్య ఒక క్యాసెట్టు తెచ్చిండు.
పెద్దమ్మ మల్లుబాయి గొంతు,
రేవు కాడి గుడిసెల, ముప్పై ఏండ్ల కింద.
టేపంతా బూజు.
సారు ల్యాప్‌టాపు తెరిచి
"రొద తీసేద్దాం, కడిగిన ముత్యమైతది" అని
ఒక్కొక్క పొర తీసుకుంట పోయిండు.
మొదలు గాలి పోయింది.
కోడి పోయింది.
ఎవరో గిన్నె తోముతున్నరు, ఆమె గూడ పోయింది.
గొంతు దగ్గరికొచ్చింది,
మీదికొచ్చింది.
బతికున్నప్పుడు ఇంత దగ్గరకొచ్చి
ఎవ్వరితోని మాట్లాడలేదట మల్లుబాయి.
"ఆగు" అన్నడు సమ్మయ్య.
"మళ్ల పెట్టు. అన్నీ పెట్టు. గాలితోని."

పెట్టిన్రు.
రెండో చరణం కాడ, పాటకు శానా వెనుక,
నీళ్ల మీదికెల్లి ఒక కేక:
"ఇంకొక్కరూ! కాళేశ్వరం, ఇంకొక్కరూ!"

పడవ.
వంతెన కట్టినంక ఆ కేక
ఊర్లె ఎవ్వరి నోట్ల లేదు.
మందుల డబ్బాలు నెత్తిన పెట్టుకొని
మా నాయిన ఉరికింది దానికోసమే,
కిందపడితే సీసాలు పగిలింది దానికోసమే.
ఎనిమిది వేలకు ఎంతో కిందనే ఉన్నదది.
నాకు అందింది.

అది పోచమల్లు గొంతని సడ్మేకు,
కాదు, వాని తమ్ముడు రాజలింగుదని సమ్మయ్య.
రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నరు,
మూడోసారి కరెంటు పోయింది.
చీకట్ల గూడ కొట్లాట ఆగలేదు.
సారు మాత్రం మెల్లగ అడిగిండు:
"ఆ ఒక్కరు ఎక్కిన్రా?"

టేపుల లేదు.
అక్కడ పెద్దమ్మ దగ్గింది.